ఖాలీ బస్

జూన్ ఆఖర్ల, ఒకటో తరగతి మొదటి దినం
గుమ్మంల నిలబడ్డ పిలగాన్ని చూసి
"ఖాలీ బస్" అన్నడు జగదాళే గురూజీ.
చిట్యాల ఓదెలు పలక చంకల పెట్టుకొని
సడక్ మీదికి ఉరికిండు.
మా వూరికొచ్చే ఎస్టీ బండి
ఏనాడూ ఖాళీగ రాలేదు,
మేకపిల్లలు సుత మంది కాళ్ల నడుమ నిలబడే వస్తయి.
ఖాళీ బస్సంటే మరి చూడాలె గద.

పొయ్యి కాడికెల్లి నేనే పోయి పట్టుకొచ్చిన.
"కింద కూసోమంటుండు బిడ్డా,
బస్సూ లేదు గిస్సూ లేదు."
ఓదెలు కూసున్నడు.
గురూజీ నా దిక్కు చూసిండు,
వరదల పడవ కనబడ్డోని లెక్క.

ఆ దినం నుంచి నాకు రెండు కొలువులు.
రిజిస్టర్ల ఒక్కటే ఉన్నది: ఖిచిడీ వండే పోసుబాయి.
రెండోదానికి ఆ కాయితంల గడి లేదు.
గంటె చేతుల పట్టుకొనే
కడుపునొప్పిని మరాఠీలకు మోసిన,
ఏడో ఎక్కాన్ని తెలుగులకు దించిన.
ఒకపారి రాజుబాయి బిడ్డ
లారీ కింద పడ్డ కుక్కపిల్ల ముచ్చట చెప్పుకుంట ఏడ్చింది.
దాన్ని నేను మార్చలేదు.
గురూజీ సుత అడగలేదు,
సుద్దముక్క కింద పెట్టి ఊకున్నడు.

అ అంటే అననస్ అంటది మా పుస్తకం.
మా వూర్ల అననస్ పండును చూసినోడు లేడు.
ప్రాణహిత అవతలి గట్టు బడిల
అ అంటే అమ్మ అంట.
గాలి ఇటు మర్రితే ఆ బడి గంట
మా వంట రేకుల కాడ వినబడతది.
అక్కడ చదివేది నా చెల్లె పిల్లలే.
గంగ ఎవల్ని అడిగి నడుమ పారిందో.

అక్షరాలన్ని అయినంక కొసకు మిగిలింది ళ.
గురూజీ పెద్దగ రాసి "బాళ్" అన్నడు.
ఓదెలు "నీళ్లు" అన్నడు.
ఎవలో "పళ్లెం" అన్నరు, ఆకలైన పొద్దు అది.
గురూజీ నవ్వి తన పేరు రాసిండు,
అండ్ల ళ కింద గీత గీసిండు.
"దీనితోటి మొదలయ్యే మాట చెప్పుర్రి."
ఎవలూ చెప్పలేదు.
నేను పొయ్యి ఊదుకుంట రెండు భాషలూ దేవులాడిన.
నడుమ ఉంటది, కొసకు ఉంటది,
ముందల ఎక్కడా నిలబడనియ్యలేదు దాన్ని.
పప్పు అడుగంటింది ఆ దినం.

మూడేండ్లకు గురూజీకి సాంగ్లీ దిక్కు బదిలయింది.
"పోత" అనలేదు, "వస్త" అన్నడు.
నేనే నేర్పిన్ననుకున్న.
వాళ్ల దిక్కు సుత అట్లనే అంటరంట.

అటెనుక ఒక సాహేబు జీపుల వచ్చి
పట సంఖ్య పదకొండే అన్నడు.
పిల్లలు గోడ మీది పటం దిక్కు చూసిండ్రు.
పటం కాదు బిడ్డా, మిమ్ముల లెక్కబెడుతుండు, అన్న.
బడి మూస్తరు, పద్నాలుగు కిలోమీటర్ల అవతల
పెద్ద బడిల కలుపుతరు, బండి పంపుతరు.
ఇదంత నేనే తెలుగుల చెప్పిన.
చెప్పినందుకు తల్లులు నా మీదికే లేచిండ్రు.

సోమారం పొద్దుగాల బండి వచ్చింది,
పసుపు రంగుది,
నిజంగనే ఖాళీగ.
నాలుగో తరగతి ఓదెలు మెట్టెక్కి
నా దిక్కు మర్రి
"ఖాలీ బస్" అన్నడు.

బస్సును చూపిచ్చిండో
నన్ను కూసోమన్నడో
అడిగేలోపల బండి కదిలింది.
ఇన్నేండ్లు అందరి మాటా మార్చినదాన్ని,
గా రెండు మాటలు నాకు తెగలేదు.

బడి మెట్టు మీద కూసున్న.
లోపల గంజుల
పదకొండు మందికి నానబోసిన పెసరపప్పు,
అలవాటు కొద్ది రాత్రే నానబోసిన.